బీ1 జర్మన్‌తో ఆరు దేశాల్లో నెట్టుకురావచ్చా? జ్యూరిక్‌లో ఒక్క ముక్కా ఎందుకు అర్థం కాదు?

తుంగభద్ర_తీరం
ఏ కోచింగ్ సెంటర్ బోర్డు చూసినా ఒకటే మాట: జర్మన్ ఆరు దేశాల అధికార భాష. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, లీక్టెన్‌స్టైన్, లక్సెంబర్గ్, బెల్జియం. ఒక్క భాష నేర్చుకుంటే ఆరు చోట్లా బతికేయొచ్చని చెబుతారు. తీరా బీ1 (యూరప్ భాషా పరీక్షల ఆరు మెట్లలో మూడోది, ఎ2 తర్వాతది) పాసైనవాళ్లు జ్యూరిక్ ట్రామ్ ఎక్కితే పక్క సీట్లో మాటలు ఒక్కటీ అందవు. వియన్నా బజార్లో కూరగాయల పేర్లే వేరు. లక్సెంబర్గ్‌లో వినపడేది ఇంకోటి. అసలీ ఆరు దేశాల లెక్కలో నిజమెంత? బ్రెజిల్, నమీబియా కూడా అంటున్నారు, అదేంటి? బీ1 తర్వాత జ్యూరిక్ వెళ్లేవాళ్లు దేని మీద కూర్చోవాలి? తెలిసినవాళ్లు విడమరిచి చెప్పండి.

పటాలమామ
లెక్క తప్పు కాదు. కాకపోతే ఆరుగురినీ ఒకే గాటన కట్టకూడదు.

దేశమంతటికీ జర్మన్ ఒక్కటే అధికార భాషగా ఉన్నవి జర్మనీ, ఆస్ట్రియా, లీక్టెన్‌స్టైన్. లీక్టెన్‌స్టైన్ మరీ చిన్నది: నలభై వేల జనాభా, పదకొండు పంచాయతీలు, అంతే. స్విట్జర్లాండ్‌లో నాలుగు జాతీయ భాషలు. 26 కాంటన్లలో (మన రాష్ట్రాల్లాంటివి) 17 పూర్తిగా జర్మన్‌వి, నాలుగు ఫ్రెంచివి, ఒకటి ఇటాలియన్‌ది. బెర్న్, ఫ్రీబర్గ్, వాలె మూడింట్లో జర్మన్‌తో పాటు ఫ్రెంచి ఉంటుంది. గ్రౌబ్యూండెన్‌లో మూడు భాషలు. జనంలో 62 శాతం దాకా జర్మన్ వైపు.

బెల్జియంలో జర్మన్ ప్రాంతమంటే తూర్పు అంచున తొమ్మిది మున్సిపాలిటీలు, ఎనభై వేలలోపు మనుషులు. ఒయ్‌పెన్ వాళ్ల రాజధాని, సొంత పార్లమెంటు కూడా ఉంది. మొదటి యుద్ధం తర్వాత వెర్సాయ్ ఒప్పందంలో జర్మనీ నుంచి చేతులు మారిన నేల అది. బ్రస్సెల్స్‌లో దిగి జర్మన్‌లో దారి అడిగితే పని జరగదు.

లిస్టులో లేని పెద్ద ప్రాంతం ఒకటుంది. ఇటలీలోని దక్షిణ టిరోల్. జనాభాలో 70 శాతం దగ్గర దగ్గర జర్మన్ వాళ్లే. దేశం లెక్కలోకి రాదు కాబట్టి బోర్డు మీదకి ఎక్కలేదు.

జొన్నచేను
లక్సెంబర్గ్ సంగతి వదిలేసినవు మామా. అదే అందరికన్న గందరగోళం.

పటాలమామ
వదల్లేదు, విడిగా చెబుదామని ఆగాను. 1984 భాషా చట్టం ప్రకారం లక్సెంబర్గిష్ జాతీయ భాష. చట్టాలు రాసేది ఫ్రెంచిలో. ఆఫీసు వ్యవహారానికి జర్మన్‌తో కలిపి మూడూ చెల్లుతాయి. బడిలో పిల్లలకి అక్షరాలు దిద్దించేది మాత్రం చాలాకాలంగా జర్మన్‌లోనే. అంటే ఇంట్లో ఒకటి, పలక మీద రెండోది, కోర్టులో మూడోది. పౌరసత్వానికి పెట్టే భాషా పరీక్ష లక్సెంబర్గిష్‌లో: మాట్లాడటం ఎ2, వినడం బీ1. మీ జర్మన్ సర్టిఫికెట్టు ఆ పరీక్షకి పనికిరాదు. పేపర్ చదవడానికి మాత్రం బ్రహ్మాండంగా పనికొస్తుంది.

ఆల్ప్స్_అంచున
జ్యూరిక్ ప్రశ్నకి వస్తా. అక్కడ రాసేది స్టాండర్డ్ జర్మన్, మాట్లాడేది స్విస్ జర్మన్. రెండూ ఒకే మనిషి నోట్లో, ఒకే రోజులో. టీవీలో రాత్రి వార్తలు స్టాండర్డ్‌లో చదువుతారు, ఆ వెంటనే వాతావరణం చెప్పేవాళ్లు స్విస్ జర్మన్‌లోకి దిగిపోతారు. బడిలో పాఠం స్టాండర్డ్, గంట కొట్టగానే మాండలికం. జ్యూరిక్ కాంటన్‌లో 2011లో ఓటింగు పెట్టి మరీ కిండర్‌గార్టెన్‌లో మాండలికమే ఉండాలని తేల్చుకున్నారు.

కాబట్టి బీ1 వృథా కాదు. అద్దె కాగితం, ఈమెయిలు, బ్యాంకు ఫారం, రైల్లో అనౌన్స్‌మెంటు అన్నీ స్టాండర్డే. తగిలేది టీ బ్రేకు దగ్గర.

జొన్నచేను
గంతే కదా. హైదరాబాద్ తెలుగుకూ గోదావరి తెలుగుకూ ఉన్న తేడా లెక్క. దీన్ని పట్టుకొని వేరే భాష అన్నట్టు భయపెట్టుడెందుకు?

నాలుగోవిభక్తి
@జొన్నచేను ఆ పోలిక కుదరదు. కరీంనగర్ మనిషి, కాకినాడ మనిషి మొదటి రోజే ఒకరి మాట ఒకరు అర్థం చేసుకుంటారు. హాంబర్గ్ మనిషికి బెర్న్ మాట మొదటి రోజు అర్థం కాదు. దానికి దగ్గరి పోలిక కావాలంటే గ్రాంథికం, వ్యావహారికం. రాసేటప్పుడు ఒక వ్యాకరణం, మాట్లాడేటప్పుడు ఇంకో వ్యాకరణం. 1959లో చార్లెస్ ఫెర్గూసన్ అనే భాషావేత్త ఇలాంటి జంట వాడుక మీద వ్యాసం రాస్తూ నాలుగు ఉదాహరణలు తీసుకున్నాడు: అరబ్బీ, గ్రీకు, హైతీ, స్విస్ జర్మన్.

రెల్లుపూలు
గ్రాంథికం పోలిక సగమే నిజం. గ్రాంథికం ఎవరి నోటా ఆడలేదు, అందుకే గిడుగు రామమూర్తి గారు అంత పోరాడాల్సొచ్చింది. స్విస్ వాళ్లు స్టాండర్డ్ జర్మన్ మాట్లాడతారు కూడా: ఫెడరల్ పార్లమెంటులో, యూనివర్సిటీ క్లాసులో, బయటివాళ్లు ఎదురైనప్పుడు. పైగా మాండలికం మాట్లాడితే చిన్నచూపు లేదక్కడ. ప్రొఫెసరు, బ్యాంకు మేనేజరు, ట్రామ్ నడిపేవాళ్లు అందరిదీ అదే మాట. మన దగ్గర యాస వినగానే మనిషి మీద ఒక ముద్ర పడుతుంది. అది అక్కడ లేదు.

జొన్నచేను
ఇది మంచిగ చెప్పినవ్. ఒప్పుకుంటున్న.

తుంగభద్ర_తీరం
సరే, టీ బ్రేకు దగ్గర అర్థం చేసుకోవడానికి పద్ధతి ఉందా? లేక చెవికి అలవాటయ్యేదాకా ఆగడమేనా?

ఆల్ప్స్_అంచున
పద్ధతి ఉంది. కొన్ని మార్పులు పట్టుబడితే మూడొంతులు విడిపోతుంది.

ముందు అచ్చులు. స్టాండర్డ్‌లో 'ఔ' పలికే చోట స్విస్‌లో దీర్ఘ 'ఊ'. హౌస్ అంటే ఇల్లు, అది హూస్ అవుతుంది. 'ఐ' చోట 'ఈ': సమయం త్సైట్, అక్కడ త్సీట్. 'ఒయ్' చోట పెదవులు సున్నా చుట్టి పలికే 'ఈ': జనం లొయ్‌టె, అక్కడ ల్యూట్. నిజానికి స్విస్ వాళ్లు మార్చలేదు, పాత ఉచ్చారణ అట్టే పెట్టుకున్నారు. మారింది మిగతావాళ్లు.

తర్వాత 'క'. పదం మొదట్లో ఉన్న 'క' గొంతులో గరగరలాడే 'ఖ్' అవుతుంది. పిల్లాడు కింట్, అక్కడ ఖింద్. వంటింటి చిన్న అల్మారాకి వాళ్ల మాట ఖుఖిఖేష్ట్‌లి. కొత్తవాళ్ల చేత పలికించి సరదా పడే పదం అది, మూడుసార్లూ గొంతు గరగరలాడాలి.

పదం మధ్యలో చివర్లో 'స్ట' వస్తే 'ష్ట': పోస్టాఫీసు పొస్ట్ కాదు, పొష్ట్. చివరి 'న్' రాలిపోతుంది: మహెన్ కాస్తా మహె. భూతకాలపు 'గె' నలిగిపోతుంది: గెమహ్ట్ కాస్తా గ్మహ్ట్.

ఇక వ్యాకరణం. 'వెళ్లెను' లాంటి సాధారణ భూతకాలం స్విస్ జర్మన్‌లో అసలు లేదు. అంతా 'వెళ్లి ఉన్నాను' రూపమే. బీ1లో కంఠతా పట్టిన ప్రెటెరిటుమ్ రూపాలు వినడానికి అక్కర్లేదు, చదవడానికి కావాలి. షష్ఠి కూడా దాదాపు మాయం, 'ఫొ' (స్టాండర్డ్‌లో ఫొన్) అనే మాట పెట్టి నడిపేస్తారు.

'కాదు' ఒక్కటీ ఊరిని బట్టి మారుతుంది: స్టాండర్డ్ నిహ్ట్, జ్యూరిక్ నోద్ లాగా, బెర్న్ నిద్. బెర్న్‌లో పదం చివర గానీ హల్లు ముందు గానీ వచ్చే 'ల్' కరిగి 'ఉ' అవుతుంది. పాలు మిల్‌హ్, అక్కడ మియుఖ్.

రోజుకి ఇరవై నిమిషాలు స్విస్ రేడియో వాతావరణ వార్త వినండి. రెండు నిమిషాల ముక్క, రోజూ అవే మాటలు: వాన, మంచు, లోయ, డిగ్రీలు. అదే ముక్కని మూడుసార్లు వినాలి. మొదటిసారి ఊరికే, రెండోసారి పట్టుబడ్డ మాటలు స్టాండర్డ్‌లో రాసుకుంటూ, మూడోసారి కాగితం చూస్తూ. సినిమాలతో మొదలుపెడితే మాటలు అతివేగంగా పోతాయి, ఏమీ అంటదు.

మేడారం_దారి
ఇది దాచుకోవాల్సిన పోస్టు.

నాలుగోవిభక్తి
బెర్న్ గురించి ఇంకోటి. స్టాండర్డ్‌లో మర్యాదకి వాడే 'జీ' వ్యాకరణం ప్రకారం 'వాళ్లు'. ఎదుటి మనిషిని 'వాళ్లు వస్తారా' అని అడిగినట్టు. బెర్న్‌లో మర్యాదకి 'ఇహ్ర్' వాడతారు, అంటే బహువచనం 'మీరు'. మన 'మీరు' కూడా అంతే కదా, బహువచనమే గౌరవం. తెలుగువాళ్లకి బెర్న్ పద్ధతి చెప్పకుండానే ఎక్కుతుంది. పలకరింపు కూడా వేరు: జ్యూరిక్‌లో గ్రుయెత్సి, బెర్న్‌లో గ్రుయెస్సెఖ్. దీని చివరున్న 'ఎఖ్' ఆ 'మీకు' అనే ముక్కే.

వియన్నా_వీధి
అందరూ స్విస్ మీద పడ్డారు. ఆస్ట్రియాలో చిక్కు అంత లోతుగా ఉండదు కానీ రోజూ తగులుతుంది. జనవరి అంటే జర్మనీలో యానువార్, ఆస్ట్రియాలో యెన్నర్. ప్రభుత్వ ఫారంలోనే అలా ఉంటుంది. టమాటా పారడైజర్, బంగాళాదుంప ఎర్డ్‌ఎప్ఫెల్, కాలీఫ్లవర్ కార్ఫియోల్, ఆప్రికాట్ మరిల్లె. ఇవి యాస మాటలు కావు. 1995లో ఆస్ట్రియా యూరోపియన్ యూనియన్‌లో చేరినప్పుడు ఒప్పందంలో పదో ప్రోటోకాల్ కింద 23 తిండి పదాలు రాయించుకుంది. యూనియన్ చట్టాల్లో జర్మనీ మాటతో సమానంగా అవీ చెల్లుతాయి.

మోసం చేసే మాటలు వేరే ఉన్నాయి. ఆస్ట్రియాలో జెస్సెల్ అంటే మామూలు కుర్చీ, జర్మనీలో అదే మాటకి మెత్తటి సోఫా కుర్చీ. కాస్టెన్ అంటే జర్మనీలో పెట్టె, ఆస్ట్రియాలో బట్టల బీరువా. ఫర్నిష్డ్ ఇల్లు అద్దెకి తీసుకునేటప్పుడు సామాను జాబితాలో ఈ రెండూ కనపడితే ఏ దేశమో చూసుకుని చదవండి.

ఆల్ప్స్_అంచున
ఇంటి జాబితా అన్నారు కాబట్టి: స్విస్‌లో ఎస్ట్రిహ్ అంటే ఇంటి అటక. జర్మనీలో అదే మాటకి టైల్సు కింద పోసే సిమెంటు పొర. అద్దె కాగితంలో 'ఎస్ట్రిహ్‌తో' అని ఉంటే మీకు సామాను పెట్టుకునే అటక ఇస్తున్నారని. సైకిల్ వేలో, ఫుట్‌పాత్ ట్రొటువార్, టికెట్టు బిల్యెట్, కోడిమాంసం పూలే, పార్కింగ్ చేయడం పార్కీరెన్. ఫ్రెంచి పక్కనే ఉంది మరి.

రాతలో ఇంకో సంగతి. 'బి' ఆకారంలో ఉండే ఎస్‌సెట్ అనే అక్షరం స్విట్జర్లాండ్, లీక్టెన్‌స్టైన్‌లలో వాడరు, రెండు 'ఎస్'లు రాస్తారు. వీధి అనే మాటకి జర్మనీలో ఎస్‌సెట్, జ్యూరిక్‌లో డబుల్ ఎస్. జ్యూరిక్ కంపెనీకి దరఖాస్తు రాసేటప్పుడు డబుల్ ఎస్ పెడితే స్థానిక పద్ధతి తెలుసని అర్థమవుతుంది.

పాలపిట్ట
మరి పరీక్షలో ఏ దేశపు మాట రాయాలి? పారడైజర్ అని రాస్తే మార్కులు పోతాయా?

వియన్నా_వీధి
పోవు. గోథె బీ1 పరీక్షని గోథె ఇన్‌స్టిట్యూట్, ఆస్ట్రియా వాళ్ల ఓఎస్‌డీ అనే పరీక్షా సంస్థ, స్విస్‌లోని ఫ్రీబర్గ్ విశ్వవిద్యాలయం కలిసి తయారుచేశాయి. వాళ్లు ఇచ్చే పదాల జాబితాలో దేశం గుర్తులు ఉంటాయి: డి అంటే జర్మనీ, ఎ అంటే ఆస్ట్రియా, సీహెచ్ అంటే స్విస్. మూడూ ఒప్పు. వినే పరీక్షలో కూడా మూడు దేశాల స్టాండర్డ్ గొంతులు పెడతారు. చదవడం 65 నిమిషాలు, వినడం 40, రాయడం 60, మాట్లాడటం 15 దాకా. నాలుగు భాగాలకీ వేటికవే వందేసి మార్కులు, 60 వస్తే పాస్. ఒక్క భాగం పోతే ఆ భాగమే మళ్లీ రాసుకోవచ్చు.

మనవాళ్లలో ఎక్కువమంది పోగొట్టుకునేది వినడంలో. రికార్డింగులో టైము చెప్పే దగ్గర.

తుంగభద్ర_తీరం
టైము దగ్గర అంటే?

నాలుగోవిభక్తి
హల్ప్ అఖ్ట్. హల్ప్ అంటే సగం, అఖ్ట్ అంటే ఎనిమిది. తెలుగులో 'ఎనిమిదిన్నర' అనుకుంటారు. అది ఏడున్నర. ఎనిమిదో గంట సగం నడిచింది అని వాళ్ల లెక్క. మనం దాటిన గంటని పట్టుకుని 'ఏడు మీద అర' అంటాం, వాళ్లు రాబోయే గంట పేరు చెబుతారు.

అక్కడితో ఆగదు. తూర్పు జర్మనీ, దక్షిణ జర్మనీలో చాలాచోట్ల, ఆస్ట్రియా తూర్పున 'ఫియర్టెల్ అఖ్ట్' అంటారు. పావు ఎనిమిది. అది ఏడుంబావు. 'డ్రైఫియర్టెల్ అఖ్ట్' ముప్పావు ఎనిమిది, అంటే ఏడుముప్పావు. పశ్చిమాన 'ఫియర్టెల్ నాహ్ జీబెన్' అంటారు, ఏడు దాటి పావు. అపాయింట్‌మెంటు నోటితో చెబితే అంకెల్లో తిరిగి చెప్పించుకోండి: 'జీబెన్ ఊర్ ఫుంఫ్‌త్సేన్?' అనాలి. ఏడు గంటల పదిహేను నిమిషాలు. ఈ రూపం ఏ దేశంలోనైనా ఒకటే.

రెల్లుపూలు
అంకెలు కూడా. ఇరవై ఒకటి అనరు, 'ఒకటీ-ఇరవై' అంటారు: ఐన్‌ఉంట్‌త్స్వాన్‌త్సిహ్. ఫోన్ నంబరు జంటలుగా చెబితే ముందు చెవిన పడేది వెనకుండాల్సిన అంకె. చేయి తిన్నగా రాసేస్తే 43 కాస్తా 34 అవుతుంది. 'ఐన్‌త్సెల్న్, బిట్టె' అంటే విడివిడిగా చెబుతారు. ఫోన్లో రెండుకి త్స్వై బదులు త్స్వో అంటారు, మూడు అయిన డ్రైతో కలిసిపోకుండా.

పదాలపేటిక
మనకి ఉచ్చారణలో కలిసొచ్చేవి కూడా చెప్పుకోవాలి. జర్మన్ 'జెడ్' అక్షరం 'త్స' అని పలుకుతుంది. ఇంగ్లీషు మీదుగా నేర్చుకునేవాళ్లు 'జ' అనేస్తారు. తెలుగువాళ్లకి 'చాప', 'చదువు' అన్నప్పుడు నాలుక పళ్లకి తగిలే దంత్య చకారం ఉంది, పాత పుస్తకాల్లో ౘ అని పైన గుర్తు పెట్టి అచ్చేసేవారు. ఆ నాలుక చోటే జర్మన్ 'జెడ్'. 'చైట్' అని చాపలో చ పలికి చూడండి, త్సైట్ వచ్చేస్తుంది.

హ్రస్వ దీర్ఘాలు ఇంకో వరం. బెట్ అంటే మంచం, బేట్ అంటే పూలమడి. ష్టట్ ఊరు, ష్టాట్ రాజ్యం. ఒఫెన్ తెరిచి ఉన్నది, ఓఫెన్ పొయ్యి. ఎ ఏ, ఒ ఓ తేడా మన చెవికి ఉగ్గుపాలతో వచ్చింది. హిందీ వాళ్లు ఈ తేడా పనిగట్టుకుని నేర్చుకోవాలి.

ఇబ్బంది పెట్టేది ద్విత్వం. 'కొమెన్' అంటే రావడం, రాతలో రెండు 'ఎం'లు ఉంటాయి. మనం 'కొమ్మెన్' అంటాం, కొమ్మ మీద మకారంలాగా ఒత్తి. జర్మనీలో ఆ రెండు అక్షరాలు ముందు అచ్చు పొట్టిదని చెప్పే గుర్తు మాత్రమే.

ఆల్ప్స్_అంచున
@పదాలపేటిక ఒక్క సవరణ. స్విస్ వాళ్లు స్టాండర్డ్ జర్మన్ మాట్లాడేటప్పుడు కూడా ద్విత్వాన్ని నిజంగా ఒత్తి పలుకుతారు. జ్యూరిక్‌లో మన 'కొమ్మెన్' అచ్చం వాళ్ల ఉచ్చారణే. జర్మనీలో టీచరు దిద్దిన ఆ తప్పు అక్కడ ఒప్పు.

పదాలపేటిక
అవును, అది నిజం. చేర్చినందుకు సంతోషం.

జొన్నచేను
బ్రెజిల్ ముచ్చట ఎవరన్న చెప్పుండ్రి. మొదటి పోస్టుల అడిగిండు.

పటాలమామ
చెబుతా. ఇది నాకు మనసుకి దగ్గరి విషయం.

1824 జులైలో మొదటి జర్మన్ వలస జట్టు దక్షిణ బ్రెజిల్‌లోని సావ్ లియోపోల్దోకి చేరింది. చాలామంది హున్స్‌రూక్ అనే కొండ ప్రాంతం వాళ్లు. వాళ్ల పల్లె మాటే రెండు వందల ఏళ్లుగా అక్కడ సాగుతోంది, పోర్చుగీసు మాటలు కలుపుకుంటూ. ఇప్పుడు దాన్ని హున్స్‌రూకిష్ అంటారు. 1930ల చివర్లో వార్గస్ ప్రభుత్వం జర్మన్ బడులు మూయించింది, భాషని బయట వాడకుండా చేసింది. అప్పట్నుంచి చదవడం రాయడం పోయింది, మాట మిగిలింది. అందుకే అక్కడ ముసలివాళ్లు చక్కగా మాట్లాడతారు, జర్మన్ పేపర్ ఇస్తే చదవలేరు.

ఇంకా ముఖ్యమైంది పొమెరానో. బాల్టిక్ తీరాన పొమెరేనియా అనే ప్రాంతం ఉండేది. 1945 తర్వాత అందులో పెద్ద భాగం పోలండ్‌కి వెళ్లింది, జర్మన్లని వెళ్లగొట్టారు, భాష పుట్టినచోట చెదిరిపోయింది. బ్రెజిల్‌లో ఎస్పిరితు సాంతు రాష్ట్రంలో సాంత మరియ ద జెచిబా లాంటి ఊళ్లలో బతికే ఉంది, పోర్చుగీసుతో పాటు ఊరి అధికార భాష కూడా అయింది. పుట్టింటి చెట్టు ఎండిపోయాక ఎక్కడో నాటిన కొమ్మ పూసినట్టు.

నాలుగోవిభక్తి
పొమెరానోని జర్మన్ లెక్కలో వేయడం మీద నాకు అభ్యంతరం ఉంది. అది 'లో జర్మన్' కుటుంబం, అంటే ఉత్తరాది పల్లపు నేలల జర్మన్. ఉత్తరాన 'మాకెన్', దక్షిణాన 'మహెన్' అనే గీత ఉంది కదా, 'చేయడం' అనే మాట. ప ట క లు ఫ స ఖ లుగా మారిన మార్పు ఉత్తరానికి చేరలేదు. నీళ్లు దక్షిణాన వస్సర్, ఉత్తరాన వాటర్, ఇంగ్లీషుకి దగ్గర. బీ1 చదివినవాళ్లకి పొమెరానో డచ్చి కంటే దగ్గరగా ఏమీ ఉండదు. లెక్క పెంచడానికి అన్నీ కలిపేస్తే చదువుకునేవాళ్లు మోసపోతారు.

పటాలమామ
భాషావేత్తలు విడిగా లెక్కేస్తే నాకు అభ్యంతరం లేదు. 'ఎక్కడ మాట్లాడతారు' అన్న ప్రశ్నకి మాత్రం వాటిని వదిలితే సగం కథ పోతుంది. మెనొనైట్లు అనే క్రైస్తవ వర్గం వాళ్ల ప్లౌట్‌డీట్ష్ చూడు. అదీ 'లో జర్మన్' కుటుంబమే. విస్తులా నది డెల్టా నుంచి ఉక్రెయిన్, అక్కడ్నుంచి 1870లలో కెనడా, 1922లో మెక్సికోలోని చివావా, 1927 నుంచి పరాగ్వే చాకో. ఇంట్లో ప్లౌట్‌డీట్ష్, గుడిలో బడిలో హై జర్మన్ (అంటే స్టాండర్డ్), సంతలో స్పానిష్. చాకోలో ఫిలడెల్ఫియా ఊళ్లో మీ బీ1 జర్మన్ నిక్షేపంగా చెల్లుతుంది.

పాలపిట్ట
అమెరికాలో ఆమిష్ అనే క్రైస్తవ వర్గం వాళ్లు మాట్లాడేది పెన్సిల్వేనియా 'డచ్' అంటారు. అది డచ్చా?

పదాలపేటిక
కాదు. వాళ్ల భాషలో డైట్ష్, అంటే జర్మన్ అనే మాటే. పద్దెనిమిదో శతాబ్దంలో జర్మనీలోని ఫాల్స్ ప్రాంతం నుంచి వెళ్లినవాళ్ల యాస. ఇంట్లో డైట్ష్, బడిలో ఇంగ్లీషు, ప్రార్థనలో లూథర్ నాటి జర్మన్ బైబిల్. కుటుంబాలు పెద్దవి, భాష పిల్లలకి ఇంట్లోనే అందుతుంది, అందుకే మాట్లాడేవాళ్లు పెరుగుతున్నారు. టెక్సస్ జర్మన్‌ది దీనికి తలకిందులు. 1840లలో న్యూ బ్రాన్‌ఫెల్స్, ఫ్రెడరిక్స్‌బర్గ్ ఊళ్లలో మొదలైంది. ఇప్పుడు మాట్లాడేది ముసలివాళ్లే, 2001 నుంచి ఆస్టిన్ విశ్వవిద్యాలయం వాళ్లు గొంతులు రికార్డు చేసి దాస్తున్నారు.

మేడారం_దారి
నమీబియా?

పటాలమామ
1884 నుంచి 1915 దాకా జర్మన్ వలస. 1904-08 మధ్య హెరెరో, నామా జనాల్ని ఊచకోత కోశారు, ఆ సంగతి చెప్పకుండా అక్కడి జర్మన్ గురించి మాట్లాడకూడదు. 1990లో స్వాతంత్ర్యం వచ్చాక అధికార భాష ఇంగ్లీషు ఒక్కటే. జర్మన్‌ని ఇంట్లో వాడేది ఇరవై వేల మంది చుట్టుపక్కల. అయినా వింట్‌హుక్ నుంచి ఆల్‌గెమైనె త్సైటుంగ్ అనే జర్మన్ దినపత్రిక 1916 నుంచి వస్తోంది. అక్కడి జర్మన్‌లో ఆఫ్రికాన్స్ మాటలు కలిశాయి. కంకర రోడ్డు 'పాడ్'. 'రిఫియర్' అంటే నీళ్లు లేని ఏటి పడక. జర్మనీలో ఎండిపోయిన ఏరు అరుదు కాబట్టి దానికి రోజువారీ మాట అక్కడ అంతగా అవసరం పడలేదు. అనంతపురంలో పెన్నని చూసినవాళ్లకి ఆ మాట అవసరం వెంటనే తెలుస్తుంది.

రెల్లుపూలు
పాపువా న్యూ గినియా కూడా రాయండి మామా.

పటాలమామ
నువ్వే రాయి, నీకు బాగా తెలుసు.

రెల్లుపూలు
ఉన్జర్‌డొయిష్. 'మన జర్మన్' అని అర్థం. రబౌల్ దగ్గర వునపోపే అనే చోట కాథలిక్ మిషన్ అనాథ బడి ఉండేది. స్థానిక తల్లులకీ బయటి తండ్రులకీ పుట్టిన పిల్లల్ని తెచ్చి పెట్టి, జర్మన్‌లో చదివించారు. పిల్లలు తమలో తాము మాట్లాడుకుంటూ ఆ జర్మన్‌ని తిరగరాశారు. డెర్, డీ, డాస్ మూడు లింగాలూ పోయి ఒక్క 'డె' మిగిలింది. బహువచనానికి ప్రత్యయాల గోల లేదు, ముందు 'అల్లె' పెడితే చాలు. అల్లె అంటే 'అందరూ'. జర్మన్ ఆధారంగా పుట్టిన క్రియోల్ ప్రపంచంలో ఇదొక్కటే. పెద్దయ్యాక వాళ్లలో వాళ్లు పెళ్లిళ్లు చేసుకున్నారు, అది ఇంటి భాషైంది. తర్వాత చాలా కుటుంబాలు ఆస్ట్రేలియా వెళ్లిపోయాయి. ఇప్పుడు వంద మంది లోపు, అందరూ వయసు మళ్లినవాళ్లు.

డెర్ డీ డాస్ తప్పులు చూసి టీచర్లు విసుక్కుంటారు గానీ, పిల్లలకే వదిలేస్తే భాష ఎటు నడుస్తుందో వునపోపే చూపించింది.

జొన్నచేను
అల్లె పెడితే బహువచనం! మస్తుంది.

వియన్నా_వీధి
రుమేనియా మర్చిపోవద్దు. ట్రాన్సిల్వేనియాలో పన్నెండో శతాబ్దం నుంచి జర్మన్ ఊళ్లు. 1930 లెక్కల్లో రుమేనియా మొత్తమ్మీద ఏడు లక్షలు దాటారు, 2021కి పాతిక వేలలోపు. నియంత చౌషెస్కు కాలంలో పశ్చిమ జర్మనీ మనిషికింత అని డబ్బు కట్టి మరీ తీసుకెళ్లింది. 2009లో నోబెల్ అందుకున్న హెర్తా ముల్లర్ అక్కడి బనాత్ పల్లెలో పుట్టినావిడ. విచిత్రమేంటంటే సిబియు ఊళ్లో జర్మన్ మాధ్యమం బడి ఇంకా నడుస్తోంది, అందులో ఎక్కువమంది రుమేనియన్ పిల్లలే. మనుషులు వెళ్లిపోయారు, బడి నిలబడింది.

పాలపిట్ట
మన తెలుగుకి జర్మన్‌తో పాత సంబంధం ఏమన్నా ఉందా?

పదాలపేటిక
ఉంది. బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ తరంగంబాడిలో, మద్రాసులో పనిచేసి తెలుగు నేర్చుకున్నాడు. తిరిగి వెళ్లాక 1746-47లో జర్మనీలోని హాలె ఊళ్లో తెలుగు అచ్చులు పోయించి మతబోధ పుస్తకాలు వేయించాడు. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలు అవే అంటారు. మన అక్షరం మొదట సీసంలో పడింది జర్మన్ నేల మీద.

మేడారం_దారి
గిది తెలియదు నాకు. చల్లగుండు.

తుంగభద్ర_తీరం
ఎంత సమాచారం! ఆఖరుగా ఆచరణలో ఒక్కటి. జర్మనీ, ఆస్ట్రియా, స్విస్‌లలో దిగగానే ఆఫీసు పనులకి కావాల్సిన మాటలు కూడా వేరా?

ఆల్ప్స్_అంచున
వేరే. మొదటి వారం తగిలేవి రాస్తా.

ఇంటి చిరునామా నమోదు: జర్మనీలో రెండు వారాల్లోపు, ఆస్ట్రియాలో మూడు రోజుల్లోపు, స్విస్‌లో పద్నాలుగు రోజుల్లోపు, అదీ ఉద్యోగంలో చేరకముందే. మూడుచోట్లా 'అన్‌మెల్డుంగ్' అంటే అర్థమవుతుంది, ఆస్ట్రియాలో దానికి నింపే ఫారం పేరు 'మెల్డెత్సెట్టెల్'.

ఇల్లు అద్దెకి అడిగితే జర్మనీలో షూఫా కాగితం అడుగుతారు, అప్పుల చరిత్ర. స్విస్‌లో అదే పనికి 'బెట్రైబుంగ్స్‌రెగిస్టర్'లో మీ పేరు మీద బాకీల్లేవని చూపే కాగితం. ఈ మాట బీ1 పుస్తకంలో ఉండదు, ఇప్పుడే రాసి పెట్టుకోండి.

డ్రైవింగ్ లైసెన్సు జర్మనీలో ఫ్యూరర్‌షైన్, స్విస్‌లో ఫ్యూరర్‌ఔస్‌వైస్. ఆసుపత్రి జర్మనీలో క్రాంకెన్‌హౌస్, స్విస్, ఆస్ట్రియాలలో ష్పిటాల్. డాక్టరు గది ఆస్ట్రియాలో ఆర్డినాత్సియోన్, జర్మనీలో ప్రాక్సిస్.

స్విస్ పౌరసత్వం దాకా ఉండేవాళ్లకి: మాట్లాడటం బీ1, రాయడం ఎ2, ఏదో ఒక జాతీయ భాషలో. జర్మన్ అంటే అక్కడ కూడా స్టాండర్డే. మాండలికం పరీక్ష ఎవరూ పెట్టరు.

తుంగభద్ర_తీరం
మరి ఆఫీసులో వాళ్లు మాండలికంలో మాట్లాడుతుంటే స్టాండర్డ్‌లో మాట్లాడమని అడగొచ్చా? మర్యాద తప్పుతుందా?

ఆల్ప్స్_అంచున
నిస్సంకోచంగా అడగండి. 'హోఖ్‌డొయిష్, బిట్టె' అంటే ఠక్కున మారతారు. ఆరు నెలలయ్యాక మాత్రం మాట తిప్పండి: 'మీరు స్విస్ జర్మన్‌లోనే మాట్లాడండి, నేను స్టాండర్డ్‌లో జవాబిస్తా' అని. వాళ్లకి ప్రాణం లేచొస్తుంది, మీ చెవికీ పని దొరుకుతుంది. మాండలికం అనుకరిస్తూ మాట్లాడే ప్రయత్నం అప్పుడే వద్దు. 'గ్రుయెత్సి', వెళ్లేటప్పుడు 'అడె', థాంక్సుకి 'మెర్సి' చాలు. ఎక్కువమంది ఉన్న గదిలోకి అడుగుపెడితే 'గ్రుయెత్సి మితెనాండ్', అందరికీ కలిపి ఒకేసారి.